ఎదుటి గడి

నేను ఒక లక్కబొమ్మను. నా జోడు పోయిన రోజున నన్నెవరూ పెట్టెలో సర్దలేదు. గళ్ల అట్ట మీదే వదిలేసి అందరూ ఆసుపత్రికి పరుగెత్తారు. నా జోడు ఒక ఇత్తడి బంటు. గుండె పట్టుకుని ఒరిగిపోయిన విశ్వంభరం గారి చొక్కా జేబులో అదీ వెళ్లింది. ఆయనా తిరిగి రాలేదు, అదీ రాలేదు.

నేను పుట్టింది ఏటికొప్పాకలో. అంకుడు కర్రను చెక్కి, లక్క రంగులద్ది, మొగలి ఆకుతో మెరుగు పెట్టి నన్ను సన్నాయి ఊదేవాడిగా చేశారు. కొనుక్కున్న విమల గారు, ఇంట్లో కథ అల్లుకుంటూ పాచికలతో ఆడే పోరాటపు ఆటలో ఆ సన్నాయినే కత్తి అనుకోమన్నారు. మనుషులు అనుకుంటే ఏదైనా అవుతుంది. పచ్చడి సీసా మూత రాక్షసుడైంది. ఆట నడిపే ఆమె మరిది కోదండం నోటి మాటతో భోజనాల బల్ల గుహ అయింది.

నన్ను విమల గారు, బంటును ఆమె భర్త విశ్వంభరం గారు నడిపేవారు. ఒక సంగతి నాకు వింతగా ఉండేది. మేమిద్దరం ఒకే వైపు నిలిచి కొడితే అదనపు బలం లేదు. నేనొక పక్క, బంటు సరిగ్గా ఎదుటి పక్క, నడుమ శత్రువు ఉంటేనే పాచిక మీద పడ్డ అంకెకు అదనంగా మరో రెండు కలిసేవి. వాడు ఒకరిని కాచుకుంటే రెండోవారికి వీపు దొరుకుతుందట. ఒకరికొకరు కనపడని చోట నిలబడితేనే సాయమన్నమాట.

చాలా నెలల తరువాత, ఆగిన పోరు మళ్లీ మొదలుపెట్టారు. విమల గారు నన్ను తిన్నగా రాక్షసుడి వెనక్కు నడిపారు.

"వదినా, అటుపక్క ఎవరూ లేరు" అన్నాడు కోదండం మెల్లగా.

"తెలుసు. చెయ్యి దానంతట అదే వెళ్లింది."

రాక్షసుడి దెబ్బ నాకు తగిలింది. ఇంకొకటి పడితే నేనూ ఆటలోంచి పోతాను. పక్కింటి ఫరీదా ఆటలో విలుకత్తె. ఆమె బొమ్మ ఒక కుట్టుమిషను బాబిన్. దాన్ని నాకు ఎదుటి గడి దాకా తెచ్చి, "అక్కా, నేను రానా?" అని అడిగింది. విమల గారు బంటు నిలవాల్సిన ఆ గడి మీద వేలు ఆనించి ఉంచారు.

ఫరీదా బాబిన్‌ను పక్కనున్న మూలగడిలో పెట్టింది. అది సరిగ్గా ఎదురు కాదు, అదనం రాదని కోదండం చెప్పాడు.

"రాకపోతే పోనీండి. ఊరగాయ వాసనొచ్చే రాక్షసుడికి జడుస్తానా" అంది ఫరీదా.

విమల గారు అట్టను చాలాసేపు చూశారు. తరువాత నన్ను ఒక్క గడి పక్కకు, బాబిన్‌కు ఎదురు మూలకు జరిపారు. బాబిన్, మూత, నేను ఒకే వరుసలోకి వచ్చాం.

"ఇప్పుడో?"

కోదండం ఒంగి చూశాడు. "కుదిరింది, వదినా."

పాచిక పడింది, దెబ్బ తగిలింది. రాక్షసుడు మాత్రం ఇంకా పడలేదు. విశ్వంభరం గారి గడిలో ఇంకా ఎవరూ నిలబడలేదు.