రెండో గేరులో కొండ

ఆ ఊళ్ళో గోళీని ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. అంత చదును. వాన కురిస్తే ఎటు పోవాలో తోచక నీళ్ళు వీధిలోనే కూచుంటాయి. అలాంటి ఊళ్ళో రోజూ పొద్దున ఎనిమిదింటికి పురుళ్ళు పోసే నర్సమ్మ పాతకాలం కారు, బోల్టక్క రిపేరు షెడ్డు ముందు నుంచి పోయేది. బోల్టక్క టీ తాగుతూ, తలెత్తకుండానే ఆ చప్పుడు వినేది. చిన్నప్పుడు నాన్న షెడ్డులో బోల్టు మింగి ఇంటిల్లిపాదినీ ఏడిపించింది కాబట్టి ఆ పేరు. షెడ్డు తన చేతికొచ్చినా, తనకి నలభై ఎనిమిదేళ్ళు నిండినా ఆ పేరు పోలేదు.

ఆ మంగళవారం చప్పుడు తేడాగా వచ్చింది. బోల్టక్క గ్లాసు పెట్టేసి రోడ్డు మీదకొచ్చి కారాపింది.

"రెండో గేరు జారిపోతోందా నర్సమ్మా?"

"మోకాలితో నొక్కిపట్టి వస్తున్నానే! నీ చెల్లెలి దగ్గరికే బయల్దేరాను."

చెల్లెలికి తొమ్మిదో నెల. బిడ్డ కడుపులో అడ్డంగా పడుకుని ఉంది. పోయినసారీ అంతే, ఆ బిడ్డ దక్కలేదు. ఈసారి శుక్రవారం పెద్దాసుపత్రిలో కోసి తీస్తామన్నారు. ఒంట్లో రక్తం లేని పిల్ల, కత్తి పెట్టడమంటే కత్తిమీద సామేనని కూడా అన్నారు.

బోల్టక్క స్టీరింగు ముందు కూచుంది. క్లచ్ తొక్కితే బండి ఏడుపు ఆగింది. వదిలితే మళ్ళీ అందుకుంది. నడిపి చూస్తే టాప్ గేర్లో మాత్రం నోరు మూసుకుంటోంది. "ఇంజను కాదు, గేర్ బాక్సే. కింది షాఫ్టు బేరింగు పోయినట్టుంది." ఆయిలు దించితే అందులో ఇత్తడి రజను తళతళమంది. మూత విప్పితే రెండో గేరు పళ్ళు సగం లేవు, పెట్టెకి బీట కూడా పడింది.

"దీనికి వైద్యం లేదండీ. మార్చాల్సిందే."

పాత సామాన్ల తాతయ్య దగ్గర అదే రకం బండి గేర్ బాక్సు ఒకటి దొరికింది. ముప్పై ఏళ్ళు కొండ మీదకి టపా మోసిన వ్యాను దాని పుట్టిల్లు. "గట్టి పెట్టె. కాకపోతే దానికి కొండ అలవాటు పోలేదమ్మా," అన్నాడు తాతయ్య. సరేనంది బోల్టక్క.

రెండు రోజులు కారు కిందే గడిచింది. వెనక చక్రాలకి పోయే పొడుగు రాడ్డు ఊడదీసి, పాతదాన్ని జాకీ మీద దించి, కొత్తదాన్ని ఎత్తింది. దాని ముందు షాఫ్టు క్లచ్ ప్లేటులోకి దూరనని గంటసేపు మొండికేసింది. బతిమాలింది, తిట్టింది. చివరికి గేరులో పెట్టి వెనక కొసని పిసరంత తిప్పేసరికి తాళంచెవిలా టక్కున దూరింది.

గురువారం మధ్యాహ్నం నర్సమ్మని పక్కన కూచోబెట్టుకుని బయటికి తీసింది. మొదటి గేరులో ఏమీ లేదు. రెండోది వేసేసరికి ముందున్న వీధి, దుప్పటి అంచు పట్టి ఎత్తినట్టు పైకి లేచింది. కారు ఎక్కింది. ఎదురొస్తున్న సైకిలాయన బ్రేకులు పట్టుకున్నాడు. కూరల బండామె చక్రం కింద రాయి పెట్టి, "కాస్త చెప్పి ఎక్కించొచ్చుగా!" అని కసిరింది. మూడోది వేస్తే వీధి మళ్ళీ చాపలా పరుచుకుంది.

"రెండులో ఎక్కువసేపు ఉంచకండి నర్సమ్మా, ఎత్తుకి పోతుంది."

"అలాగేలే."

షెడ్డు దగ్గర చెల్లెలి మొగుడు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. "వదినా, నొప్పులు మొదలయ్యాయి!"

బోల్టక్క స్టీరింగు వదల్లేదు, నేరుగా చెల్లెలి ఇంటికి పోనిచ్చి ఎక్కించుకుంది. మరిది ముందు సీట్లో, చెల్లెలూ నర్సమ్మా వెనక. ఆసుపత్రి ముప్పై మైళ్ళు. టాప్ గేర్లో కారు గొంతు విప్పకుండా పరుగెత్తింది. సగం దారిలో రైలు గేటు పడింది. రైలు పోయాక మొదటిది వేసింది, రెండోది వేసింది. రోడ్డు లేచింది. మూడోదానికి చెయ్యి కదిపింది.

"ఆగు," అంది నర్సమ్మ. "మార్చకు. రెండులోనే ఉంచు."

"ఎత్తుకి పోతుంది నర్సమ్మా!"

"పోనీ. బిడ్డ కదులుతోంది."

కారు ఎక్కింది. గేటు అగ్గిపెట్టె అయింది. పొలాలు గళ్ళచీర అయ్యాయి. చెవులు దిబ్బడేశాయి, గాలి చల్లబడింది. తమ ఊరు అరచేతిలో పట్టేంతగా కనబడింది. ఒడ్డున నిలబడి చూడ్డమే తప్ప ఎవరికీ పూర్తిగా తెలియని ఏరు, మొదలు నుంచి చివరిదాకా వంపులు తిరిగి మెరిసింది. పక్షులు కిందుగా ఎగురుతున్నాయి. ఆ ఏటి కొసన సన్నటి నీలం గీత.

"అక్కా, అది సముద్రమా?" అంది చెల్లెలు, నొప్పి మరిచి.

బోల్టక్క గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది, అంతే. నొక్కలేదు, లాగలేదు. ఇంత ఎత్తుని ఒక ఇనప పెట్టె ఇన్నేళ్ళూ లోపల దాచుకుందా అనుకుంది.

అద్దంలో చూసింది. చెల్లెలి కడుపు మీద గుండ్రటి ఎత్తొకటి నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు మెల్లిగా కదిలింది. నర్సమ్మ చెయ్యి దాని వెంటే వెళ్ళింది. నలభై ఏళ్ళు పురుళ్ళు పోసిన మనిషి గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"తిరిగిందే. తల కిందికొచ్చింది."

నర్సమ్మ కిటికీలోంచి కిందికి చూసింది.

"ఇక దింపు తల్లీ. నెమ్మదిగా."

బోల్టక్క మెల్లిగా మూడోది వేసింది. రోడ్డు అవతలి వైపుకి వంగి, ఆసుపత్రి గుమ్మం దగ్గర నేలకి ఆనింది. చేతులకి తొడుగులు వేసుకుని వచ్చిన డాక్టరమ్మ కడుపుని ఒకటికి రెండుసార్లు తడిమి చూసింది.

"ఏ దారిన వచ్చారు?"

"కొండ దారిన," అంది నర్సమ్మ.

డాక్టరమ్మ తలూపి తొడుగులు విప్పేసింది. "కత్తితో పని లేదు. కన్నతల్లే చూసుకుంటుంది."

బోల్టక్క బయట మెట్టు మీద కూలబడింది.  పొద్దు వాలుతుండగా లోపల్నించి కేర్‌మని వినిపించింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఇంకా గట్టిగా. బోల్టక్క  ఎక్కడ కూచుందో అక్కడే, మసి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.