మూడో గీత

మూడో గీత వంకరగా ఉండాలి, ఆ ఏడాది గీస్తుంటే మేకు జారి నా చూపుడువేలు తెగింది, గీత కుడివైపుకు ఒరిగిపోయింది, అన్నయ్య వేలికి గుడ్డ చుడుతూ కుర్చీకి రక్తం కూడా తాగించావు కదే జడ్జిగారూ అన్నాడు, మరి ఇప్పుడు కుర్చీ అడుగున నా వేలికి తగులుతున్న మూడో గీత రెండోదానిలాగే నిటారుగా ఉందేమిటి, మళ్ళీ తడిమాను, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఏడు వరకూ ఉన్నాయి, లెక్క సరిపోయింది, కానీ గీతకీ గీతకీ మధ్య వేలెడు ఎడం, అన్నిచోట్లా అంతే, నేను ఏ ఏడాదీ కొలిచి గీయలేదు, చెప్పండమ్మా, ఏడు వానాకాలాలు అన్నారు, ఆ తర్వాత, అంటోంది ఆసుపత్రికి కుర్చీలు కొనడానికి వచ్చి ఎదురుగా నిలబడ్డ పెద్ద నర్సు, అవునండీ ఏడు అన్నాను, తర్వాత ఏం చెప్పాలో నాకు నోటికి వచ్చు, ఎండలో ఎండింది, వానలో తడిసింది, ఒక్కరోజూ లోపలికి తేలేదు, గుడ్డ కప్పలేదు, నూనె పూయలేదు, కూర్చుని చూడండి, వచ్చిన ప్రతివాళ్ళకూ ఇదే చెప్పాను, ఈరోజు మాత్రం నోరు ఏడు దగ్గర ఆగిపోయింది, చెయ్యి కుర్చీ కిందే ఉండిపోయింది, వెనక నిలబడ్డ అన్నయ్య ఏమైంది చెల్లాయ్, తేలు గానీ కుట్టిందా అని నవ్వాడు, నర్సు కూడా నవ్వింది.

మామూలుగా అయితే గీతలు నేను తడమను, కొనేవాళ్ళే వంగి లెక్కపెట్టుకుంటారు, ఈవిడ నడుముకు బెల్టు పెట్టుకుని వచ్చింది, నేను వంగితే మళ్ళీ లేవను, మీరే లెక్కపెట్టండి, మీ మాట నమ్ముతాను అంది, లేకపోతే ఇవాళ కూడా తెలిసేది కాదు, ఈ పెరట్లో ఈ గోడ పక్కన ఈ కుర్చీని పెట్టింది అన్నయ్యే, ముందు భాగంలో దుకాణం, పారలు, కత్తెరలు, నీళ్ళ గొట్టాలు, బొగ్గు పొయ్యిలు, వెనక పెరడు, చెక్క కుర్చీలు, బల్లలు, ఊరి చివర పెద్ద స్టోరు తెరిచి పెట్టెల్లో సర్దిన కుర్చీలు మన ధరలో సగానికి అమ్ముతుంటే మన దగ్గర ఎవరు కొంటారని నేను అడిగాను, అప్పుడు అన్నయ్య మన కుర్చీ ఒకటి పెరట్లో వదిలేద్దాం, వానాకాలం గడిచిన ప్రతి ఏడాదీ అడుగున ఒక గీత గీద్దాం, జనం కళ్ళతో చూసి కొంటారు, ఆ గీత నువ్వే గియ్యాలి, నేను గీస్తే ఎవరూ నమ్మరు అన్నాడు, నాకు నవ్వొచ్చింది, బడిలో ప్రయోగశాల అటెండరు పని మానేసి అప్పుడే చేరాను, గీత గీయడం కూడా ఒక ఉద్యోగమా అనుకున్నాను.

జడ్జిగారు అని పేరు పెట్టిందీ అన్నయ్యే, నాకు ఆరేళ్ళప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగిలితే నాన్న ఇద్దర్నీ నిలబెట్టి ఎవర్రా అన్నాడు, అన్నయ్యే అన్నాను, వాడు తన్నులు తిన్నాడు, ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని ఇక నీకు చచ్చినా ఏదీ చెప్పనే అన్నాడు, అన్నమాట నిలబెట్టుకున్నాడు, తన పెళ్ళి కుదిరిన సంగతి కూడా నాకు అమ్మ చెబితేనే తెలిసింది, నేను దాన్ని అలక అనుకుంటూ వచ్చాను, మా పేషెంట్లు మీ కుర్చీల్లో కూర్చోవడం నేర్చుకోరండీ, లేవడం నేర్చుకుంటారు, అంటోంది నర్సు, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు, పదో రోజున తోటలోకి తీసుకొస్తాం, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి బరువంతా వాటి మీదే వేసి లేస్తారు, అక్కడ విరిగిందనుకోండి, మళ్ళీ మా థియేటరుకే వస్తారు, వ్యాపారం మాదే, కానీ ఆ వ్యాపారం మాకొద్దు, అన్నయ్య పగలబడి నవ్వి నలభై కుర్చీలండీ, నలభైకీ నాదే పూచీ, పైగా మా చెల్లెలు చెబుతోంది కదా, అది అబద్ధం ఆడిన రోజున సూర్యుడు సెలవు పెడతాడు అన్నాడు, ఎండ నా మెడ మీద కొడుతోంది, వేళ్ళు మూడో గీత మీదే ఉన్నాయి.

పనిగది గుమ్మంలో వడ్రంగి మేస్త్రి నిలబడి స్క్రూడ్రైవరును గుడ్డతో తుడుస్తున్నాడు, అది శుభ్రంగానే ఉంది, అయినా తుడుస్తున్నాడు, నా వైపు చూడటంలేదు, మేస్త్రి చేతికి వంకర రాదు, మేకుల డబ్బాలో మేకులు కూడా తలలన్నీ ఒకవైపుకు పేర్చుకుంటాడు, నా గీతలు చూసి ఆయనకు ఒళ్ళు మండి ఉంటుంది, ఇవేం గీతలమ్మా అని ఒకసారి అన్నాడు కూడా, ఏడు గియ్యమని అన్నయ్య చెప్పి ఉంటాడు, పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, మూలమట్టం ఆనించి, ఉలితో ఏడూ సమానంగా గీశాడు, వంకరది వంకరగా గియ్యాలని ఆయనకు తట్టి ఉండదు, తట్టినా చెయ్యి ఒప్పుకుని ఉండదు, ఎప్పుడు, చలికాలం చివర, అవును, అన్నయ్య టికెట్టు తెచ్చి చేతిలో పెట్టాడు, పది రోజులు కూతురి దగ్గరికి వెళ్ళిరావే, ఏడేళ్ళలో ఒక్క సెలవు పెట్టలేదు, దుకాణం ఎక్కడికీ పోదు, నేను చూసుకుంటాను అన్నాడు, రైల్లో పక్కన కూర్చున్నావిడకు కూడా చెప్పాను, మా అన్నయ్య పంపించాడండీ అని, తిరిగొచ్చేసరికి పనిగది అంతా వెనిగర్ వాసన, ఏమిటి మేస్త్రీ అంటే తుప్పు పట్టిన కత్తెరలు నానబెట్టానమ్మా అన్నాడు, నమ్మాను, వెనిగర్‌లో తుప్పు ఊడుతుంది, అదీ నిజమే, కానీ ఇనుప పీచు నానబెట్టిన వెనిగర్ పూస్తే కొత్త చెక్క ఒక్క పూటలో బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ సంగతి నాకు తెలియనిదేమీ కాదు, కొనేవాళ్ళు పాతరంగు కావాలంటే నేనే చెప్పి పూయించేదాన్ని.

ఆ మరుసటి వారమే బొగ్గు పొయ్యిల ప్రదర్శన, దుకాణం ముందు మూడు పొయ్యిలు పెట్టి మొక్కజొన్న కంకులు కాల్చి వచ్చినవాళ్ళకల్లా ఇచ్చాం, బొగ్గు అంటుకోకపోతే మేస్త్రి చెక్కముక్కలు ఒక బుట్టెడు తెచ్చి పోశాడు, కొసలు మెత్తబడి పొడిపొడిగా రాలుతున్నాయి, ఇదెక్కడి చెక్క అంటే పాత సామానమ్మా అన్నాడు, అన్నయ్య విసనకర్ర నా చేతికిచ్చి ఊపు జడ్జిగారూ, శిక్ష అమలు చెయ్యి అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఊపాను, పొగ కళ్ళలో పడింది, నా ఏడు గీతలూ ఆ పొయ్యిలోనే ఉండి ఉంటాయి, నేనే తగలబెట్టాను, పక్కనున్న పిల్లకు ఆ మంట మీదే కంకి కాల్చి ఇచ్చాను, అంటే కుర్చీ పోయింది, ఏడో వానకు పుచ్చిపోయింది, చెయ్యే ఊడిందో కాలే విరిగిందో, అన్నయ్య చూశాడు, చూసి నాకు టికెట్టు కొన్నాడు, చెబితే నేనేం చేసేదాన్నో వాడికి తెలుసు, తీసెయ్యి, ఆరేళ్ళని రాయి, అసలు నిజమేమిటో రాయి అనేదాన్ని, తెలిస్తే ఈ నోటితో ఆ మాట చెప్పలేను, కాబట్టి తెలియకూడదు, కిటికీ అద్దం నాటి నుంచీ వాడు నాకు ఏదీ చెప్పనిది అలకతో కాదు, నన్ను దాచుకున్నాడు, అగ్గిపెట్టెను తడవకుండా దాచుకున్నట్టు, అవసరం పడ్డరోజున వాడుకుందామని.

లేచాను, కుర్చీని రెండు చేతులా పట్టుకుని బల్ల మీదికి తిరగేశాను, కాళ్ళు పైకి లేచాయి, ఒసేయ్ ఏం చేస్తున్నావే అన్నాడు అన్నయ్య, ఇవి చూడండి, వంగక్కర్లేదు అన్నాను నర్సుతో, ఈ గీతలు నేను గీసినవి కావు, నా కుర్చీ ఏడో వానకు పోయింది, ఇది ఈ మధ్య చేసింది, నాకు ఇప్పుడే తెలిసింది, నా గొంతు నాకే బడిలో హాజరు పిలిచినట్టు వినిపించింది, అన్నయ్య నవ్వబోయాడు, మా జడ్జిగారికి ఎండ దెబ్బ తగిలిందండీ, పాతది మరమ్మతుకు పంపాం, అంతే, చెక్క అదే, పని అదే, మేస్త్రీ చెప్పవయ్యా, మేస్త్రి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు, అన్నయ్య నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి నీకోసమే కదే ఈ దుకాణం నడుపుతున్నాను, బయటివాళ్ళ ముందు నా పరువు తీస్తావా అన్నాడు, నా మాట ఎన్ని ఇళ్ళకు అమ్మావురా, ఈ వేసవిలో ఎంతమంది ఈ కుర్చీ చూసి కొన్నారు, నేను చెబితేనే కదా కొన్నారు, నాకొక్క మాట చెప్పాలనిపించలేదా అన్నాను, ఆరోజు తన్నులు తిన్నది నేను, ఇవాళ కూడా నేనే అన్నాడు, వాడి కళ్ళలో నీళ్ళు, అవి నిజమో కాదో నాకు ఇక ఎప్పటికీ తెలియదు, అన్నిటికన్నా నాకు నొప్పెట్టింది అదే, అయినా మనసులో ఒక మూల తేలికగా ఉంది, తప్పు వాడిది, నేను మోసపోయినదాన్ని, లోకం ముందు నిలబడి చెప్పేశాను.

నర్సు గీతల మీద వేలు పెట్టి ఒకసారి రుద్ది చూసుకుంది, అన్నయ్య వైపు చూడలేదు, నన్నే చూస్తూ సరేనమ్మా, ఒక్కటి చెప్పండి, మీ ఇంట్లో ఉందా ఈ కుర్చీ అంది, ఉందండీ, మొదటి ఏడాదే ఇచ్చాడు అన్నయ్య, దీనితోపాటు చేసిందే, బాల్కనీలో వేసుకున్నాను అన్నాను, ఎలా ఉంది మరి, బాగుందండీ, చెక్కుచెదరలేదు అన్నాను, గర్వంగానే అన్నాను, వానలో అక్కడే ఉంచేస్తారా అంది, ఆఁ అనబోయాను, నాలుక కదిలింది, బాల్కనీ కళ్ళ ముందుకు వచ్చింది, మబ్బు పట్టిన సాయంత్రం, పొయ్యి మీద పాలు, పాలు వదిలేసి పరుగెత్తుతున్నాను, కుర్చీని గడప మీదుగా లోపలికి లాగుతున్నాను, గడప మీద దాని కాళ్ళు గీసిన గాడి ఉంది, సెలవులకు వచ్చిన కూతురు గోడకు ఆనుకుని నవ్వుతోంది, అమ్మా అది వానలో ఉంచడానికి చేసిన కుర్చీ కదా, వానొస్తే దాస్తావేంటి, ఏమోనే అలవాటు అంటున్నాను, వానకు అది నిలవదని ఎవరూ నాకు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది, ఇక్కడ నిలబడి ఒక్కరోజూ లోపలికి తేలేదండీ అని చెప్పి ఇంటికి వెళ్ళేదాన్ని, వెళ్ళి ఈ ఏడేళ్ళలో ఒక్క చినుకుకూ నా కుర్చీని బయట వదల్లేదు.