గాలికి కదిలే చారలు

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక టేపు, ఒక కత్తెర, తొమ్మిదేళ్ళ తలనొప్పి. పరదాల కొట్టు మాది. మాది అంటే, కౌంటరు మా ఆయనది, వెనకగదిలో కుట్టుమిషను నాది. సరుకు ఎంచేది ఆయన. అమ్ముడుపోనిది మా ఇంటి కిటికీకి చేరుతుంది. అలా చేరిందే సన్న నలుపు తెలుపు చారల పరదా. సోఫాలో కూర్చుంటే ఎదురుగా అదే. చారలు పాకుతున్నట్టుంటాయి, కాసేపటికి కణతలు పట్టేస్తాయి. చెప్పాను. "లోకంలో ఎవరికీ లేని కళ్ళు నీకే ఉన్నాయి" అన్నారాయన. "గిన్నెలు తోమే వేళకే వస్తుందేమే ఆ తలనొప్పి?" అంది అత్తయ్య. లాభం లేని బేరమని మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒకరోజు యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ, ఆవిడ దగ్గర రీసెర్చ్ చేసే అమ్మాయి వచ్చారు. మనిషి కంటికి ఏది హాయో ఏది చిరాకో ఫోటో చూసి చెప్పేలా కంప్యూటరుకు నేర్పుతున్నారట. రకరకాల చారల గుడ్డలు కావాలన్నారు. మా ఆయన తానులు పరిచారు. నేను కొలుస్తూ, అలవాటు కొద్దీ కళ్ళు సగం మూసి చూసి, కంటిని పొడిచేవి ఒక చివరకు, చూపు నిలిచేవి ఇంకో చివరకు సర్దేశాను. కొనేవాళ్ళు ఏ గుడ్డ దగ్గర మొహం తిప్పేసుకుంటారో ఇన్నేళ్ళుగా చూస్తున్నదాన్ని.

అమ్మాయి ఒక్కోటీ ఫోటో తీసి, లాప్‌టాప్ చూసి, బల్ల చూసి, "మేడమ్, ఈవిడ వరసా మన కంప్యూటరు వరసా ఒకటే! ఈ పల్చటి బూడిదరంగుది తప్ప" అంది. కంప్యూటరు దాన్ని హాయి అంది. నేను చిరాకు వైపు పెట్టాను.

"మిషను కంటే నీకెక్కువ తెలుసా?" అని నవ్వారు మా ఆయన.

"దానికి గుడ్డ తెలుసండీ, పరదా తెలీదు."

ఆ గుడ్డను కుచ్చులు పెట్టి కడ్డీకి తగిలించి ఫ్యాను వేశాను. మడత మీద మడత పడి, చారల మీద చారలు కదిలి, నీళ్ళలా సుళ్ళు తిరిగాయి. అమ్మాయి "అమ్మో!" అని కళ్ళు మూసుకుంది.

ప్రొఫెసరమ్మ పగలబడి నవ్వింది. "రెండేళ్ళుగా బల్ల మీద పరిచినవే చూపిస్తున్నామే దానికి! వారానికి రెండు మధ్యాహ్నాలు మా ల్యాబుకి వస్తారా? జీతమిస్తాం."

"సన్న చారలకి తలనొప్పి రావడం నిజమేనాండీ?" ముందు అది అడిగాను.

"నిజమే. చాలామందికి వస్తుంది."

"అయితే వస్తాను."

"మరి కుట్టుపని?" అన్నారు మా ఆయన.

"ఆ రెండు పూటలూ మీరు కుట్టండి. వంకర పోతే మన కిటికీకే వేసుకుందాం."

సాయంత్రం ఇంటికెళ్ళగానే స్టూలెక్కి చారల పరదా దింపేశాను. అత్తయ్య కళ్ళు నులుముకుని, "హమ్మయ్య! నాకూ కళ్ళు లాగేవే, వయసనుకున్నా" అంది. మా ఆయన ఎప్పట్లాగే కిటికీకి వీపు పెట్టి ఉండే మెత్తటి కుర్చీలో కూలబడ్డారు. అప్పుడు వెలిగింది నాకు.

"మీరెప్పుడూ ఈ కుర్చీలోనే ఎందుకండీ?"

"అటు కూర్చుంటే ఆ చారలు..." అని నాలుక కరుచుకున్నారు.

అత్తాకోడళ్ళం కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాం. ఆయన మెల్లగా లేచి నాకు చోటిచ్చారు.

పోయింది ఒక పరదా. వచ్చినవి రెండు మధ్యాహ్నాలు, తొమ్మిదేళ్ళ క్రితం కొట్టిపారేసిన నా మాట. ఆపైన, ఆ కుర్చీ.