ఇస్త్రీ చొక్కా

ఆ చొక్కా ఇస్త్రీ చేసింది వెర్నాయే. యుద్ధంలో తగిలిన గాయానికి పింఛను అడగడానికి డాక్టరు ముందుకు వెళ్ళేటప్పుడు మనిషి మనిషిలా ఉండాలని కాలరుకు గంజి కూడా పెట్టింది. భర్త డ్యూయీ గడ్డం గీసుకుని, బూట్లు తుడుచుకుని, చెప్పిన టైముకి పావుగంట ముందే వెళ్ళి నిలబడ్డాడు. సైన్యం నేర్పిన బుద్ధి అది.

"ఎలా ఉన్నారు?" అన్నాడు ప్రభుత్వం పెట్టిన డాక్టరు, కంప్యూటర్ మీంచి కళ్ళెత్తకుండా.

"బాగున్నానండి. ఫిర్యాదేం లేదు."

పక్క కుర్చీలో ఉన్న వెర్నా భర్త వైపు తిరిగి చూసింది. ఇరాక్ నుంచి వచ్చి పదేళ్ళయినా ఈ మనిషి ఇంకా గోడకి వీపు ఆనించుకునే నిద్రపోతాడు. రోడ్డు పక్కన చెత్తసంచి కనబడితే బాంబనుకుని బండిని నడిమధ్యకి లాగేస్తాడు. ఆమె నోరు తెరవబోతే డాక్టరు చెయ్యెత్తి ఆపేశాడు.

ఉత్తరం వచ్చింది. శుభ్రంగా ఉన్నాడు, మర్యాదస్తుడు, బండి తానే నడుపుకొచ్చాడు. యుద్ధం మనసుకు చేసిన గాయం ముప్పై శాతమేనట, పింఛనూ ఆ లెక్కనే. అప్పీలు పెట్టారు. విచారణ ఇంకా మూడు వారాలుందనగా, మలుపు దగ్గర రోడ్డు నడిమధ్యలో పోతున్న డ్యూయీ బండిని బొగ్గు లారీ గుద్దేసింది, అక్కడికక్కడే పోయాడు.

తప్పు డ్యూయీదేనన్నారు పోలీసులు. బాగున్న మనిషి అడ్డంగా ఎందుకు నడిపాడన్నారు.

అప్పీలు భార్య నడపొచ్చని తెలిసి, వెర్నా మాజీ సైనికుల హాలుకి వెళ్ళి ఆ ఉత్తరం అందరికీ చదివింది. వియత్నాం చూసొచ్చిన ముసలి హోబర్ట్‌కి అది నచ్చలేదు. సైనికుడు ఏడుపు మాటలు చెప్పుకోడన్నాడు.

"చెప్పకే పోయాడు కదా హోబర్ట్. దానివల్ల ఎవరి పరువు నిలిచింది?" అంది వెర్నా. "ఆ చొక్కా ఇస్త్రీ చేసిన చేతులివి. వీటినేం చేసుకోను?"

సైన్యంలో లారీ తోలిన ట్వైలా సంచిలోంచి తన ఉత్తరం తీసింది. "శుభ్రంగా ఉంది, మర్యాదస్తురాలు" అని అందులోనూ అదే మాట. ఒక్కొక్కరే ఇళ్ళకెళ్ళి తమవి తెచ్చారు. పదిహేడు ఉత్తరాలు, ఒకటే కూత. పెద్దల పిల్లలు పోని యుద్ధానికి గనుల పిల్లలు పోయొచ్చారు. నొప్పి ఎంతో కొలిచేది మాత్రం ఆ పెద్దల ఆఫీసులే. ఆఖరికి హోబర్ట్ కూడా లేచి వెళ్ళి తనది తెచ్చాడు. అతని ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

విచారణ రోజున ఒక్కరూ గడ్డం గీసుకోలేదు. వెర్నా డ్యూయీ చొక్కా తొడుక్కుంది, నలిగింది నలిగినట్టే. ఆమెకు కావలసింది ఒక్కటే: బాగున్నాడన్న ఆ మాట కాగితం మీంచి పోయి, ఆ చావు అతని తప్పు కాకుండా పోవాలి.

"ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు అధికారి మర్యాదకి.

ఆ బొగ్గుగనుల లోయలో ఆ ప్రశ్నకి ఎవరైనా చెప్పేది ఒకటే జవాబు, బాగున్నానని. అది నోటిదాకా వచ్చింది కూడా. వెర్నా మింగేసింది.

"బాగాలేనండి. మా ఆయనా బాగాలేడు, ఏనాడూ."

"నేనూ బాగాలేను," అన్నాడు వెనక నుంచి హోబర్ట్. యాభై ఏళ్ళకి మొదటిసారి.

"నేనూ," అంది ట్వైలా.

సాక్షులు కానివాళ్ళు బయటికి పోవాలన్నాడు అధికారి. కాపలావాడు తలుపు మూయబోయాడు. అది మూతపడకుండా హోబర్ట్ గడపలో కాలు పెట్టి నిలబడ్డాడు. బయట వరండాలో మిగతా ఉత్తరాలవాళ్ళు బాగాలేనన్న ఆ మాట ఒకరి తర్వాత ఒకరు చెబుతూనే ఉన్నారు.