ఓర్నెల్లా ఇంట్లో ఆదివారం ఓటు

ఇటలీలోని ప్రాతో ఊళ్లో ఉన్ని మిల్లు యూనియన్‌ని సగం జీవితం నడిపిన ఓర్నెల్లాకు ముసలితనంలో దిక్కుమాలిన హోదా ఒకటి వచ్చిపడింది. ఆవిడ యజమాని అయింది. మోకాళ్లు మొరాయించాక, ఇంట్లోనే ఉండి చూసుకోవడానికి మోల్దోవా నుంచి వచ్చిన వియోరికాను చట్టప్రకారం పెట్టుకుంది. చట్టప్రకారమంటే ఆదివారం సెలవు. ఆ ఒక్కరోజుకు ఇంకో మనిషిని పెట్టుకుందామంటే పెన్షన్ చాలదు.

"ఆదివారం కూడా ఉంటాను సిన్యోరా. ఎవరికీ చెప్పకుండా ఏదో కాస్త ఇవ్వండి," అంది వియోరికా.

"నోర్ముయ్! ఆ సెలవు కోసం మిల్లు గేటు ముందు వానలో నిలబడ్డదాన్ని."

కూతురు లొరెల్లా విసిగిపోయింది. "పోయిన నెల ఆదివారమే కదా పడ్డావు! ఇంకోసారి ఒంటరిగా ఉన్నావని తెలిసిందో, వృద్ధాశ్రమమేనమ్మా. ఇక నా మాటే మాట."

ఓర్నెల్లాకు చావంటే భయం లేదు. చీకటి పడకముందే పడుకోబెట్టే ఆ ఆశ్రమమంటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

ఆ ఆదివారం వాన. వియోరికాలా ముసలివాళ్లను చూసుకునే ఆడవాళ్లంతా సెలవు రోజున పార్కు బెంచీల మీద చేరి, తెచ్చుకున్నది పంచుకు తింటారు. వానకు వాళ్లకు చోటేది? "అందర్నీ ఇక్కడికే తీసుకురా," అంది ఓర్నెల్లా. వియోరికాతో కలిపి ఎనిమిది మంది వంటింట్లో చేరారు.

తిండి సగంలో ఉండగా ఓర్నెల్లాకు బాత్రూంకి వెళ్లాల్సి వచ్చింది. లేవబోయి కుర్చీలో కూలబడింది. అందరూ ఒక్కసారే లేచారు.

"కూర్చోండి! ఇవాళ ఆదివారం."

"ఇది పనేంటి సిన్యోరా? మనం మనం ఒకటి," అంది వియోరికా.

"మా మిల్లు యజమానీ అచ్చం ఇలాగే అనేవాడు, దొంగవెధవ! మనదంతా ఒకే కుటుంబమని చెప్పి ఆదివారాలు కూడా మగ్గాల దగ్గర నిలబెట్టేవాడు."

ఓర్నెల్లాకు సిగ్గేసింది. అవసరం పదిమందిలో బయటపడినందుకు కాదు, వియోరికా మాట నమ్మాలనిపించినందుకు.

వియోరికా నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీ యూనియన్లో మాట తెగకపోతే ఏం చేసేవాళ్లు?"

"చేతులెత్తించేవాళ్లం."

"అయితే సిన్యోరాను బాత్రూంకి తీసుకెళ్లాలనేవాళ్లు ఎత్తండి."

ఎనిమిది చేతులు లేచాయి.

"వద్దనేవాళ్లు?"

ఓర్నెల్లా ఒక్కతే ఎత్తింది. ఎత్తిన ఆ చేతినే పట్టుకుని వియోరికా ఆవిడను లేపింది. మెజారిటీ నిర్ణయాన్ని ఓర్నెల్లా జన్మలో ధిక్కరించలేదు.

లోపలుండగా ఫోన్ మోగింది. ఎవరో తలుపు సందులోంచి అందించారు.

"అమ్మా, ఒక్కదానివే ఉన్నావా?" లొరెల్లా గొంతు.

"తర్వాత చెయ్యవే," అంది ఓర్నెల్లా, వియోరికా భుజం వదలకుండా. "మీటింగులో ఉన్నాను."