నీలం లైటు

అక్వేరియం అద్దానికి పట్టిన పాచిని పాత పళ్ల బ్రష్షుతో రుద్దడం లీలకు ఆదివారం పని. నీళ్లు మార్చేదీ, మేత వేసేదీ, చచ్చిన చేపను ఎవరి కంటా పడకముందే తీసి పారేసేదీ ఆమే. లైటు మాత్రం భర్త జనార్దన్ ఎంచాడు. పాతది కాలిపోతే ఇద్దరూ హన్మకొండ దుకాణానికి పోయారు. లీల తెల్లది తీసుకుందామంది. రోజుకు ఎనిమిది గంటలు వెలిగిస్తే చాలు, తర్వాత చేపలకూ చీకటి కావాలని దుకాణం అతను చెప్తుంటే ఆమె ఒక్కతే విన్నది. "కుర్చీల కూసున్నోల్లకు మంచిగ కనవడాలె. చేపల నడుగుతమా ఏంది?" అని జనార్దన్ నీలం లైటు కట్టించాడు. జనగామ వర్తక సంఘానికి కార్యదర్శి మరి, ఆయన కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా ఉండవు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. భూపాలపల్లిలో బొగ్గు తవ్వకం ఆగింది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఇన్వర్టరు హాలుకు ఉంది, అక్వేరియానికి ఉంది, వంటింటికి లేదు. ఒక తీగ ఇటు లాగించమని లీల అడిగితే, "గ్యాస్ మంట ఉంటది గద, గా ఎలుగు సాలదా?" అన్నాడు. ఆయన నవ్వాడని ఆమె కూడా నవ్వింది.

శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఊరంతా అరగంట లైట్లు ఆపాలని పిలుపు. ఇచ్చినవాళ్లలో జనార్దన్ ఒకడు. ఊరేగింపుకు బయల్దేరుతూ, అక్వేరియం స్విచ్చు మీద చెయ్యి వేసిన లీలను ఆపాడు. "దాన్ని ముట్టకు, చీకట్ల చేపలు బెదురుతయి. పర్ద ఎయ్యి, ఎవలికి కనవడది."

హాలు తుడుస్తున్న గట్టమ్మ ఆ మాట విన్నది. వాళ్లింట్లో అంట్లు తోమే గట్టమ్మ కొడుకు సురేశ్ బొగ్గు గనిలో పనిచేస్తాడు. నెల రోజులుగా సమ్మెలో ఉన్నాడు.

ఏడింటికి వాడంతా చీకటైంది. వాళ్ల కిటికీ ఒక్కటే పలుచటి పరదా వెనక నీలంగా వెలిగింది. ఊరేగింపు గుమ్మం ముందు ఆగింది. జనార్దన్ గబగబా లోపలికొచ్చి స్విచ్చు ఆపి, గడపలో నిలబడి, "మా ఆమెకు జెప్పే పోయిన, మతిల ఉండదు" అన్నాడు. అందరూ నవ్వారు.

"అవును, మర్చిపోయిన" అంది లీల.

అనేశాక గుంపులో గట్టమ్మ కనిపించింది. నవ్వనిది ఆమె ఒక్కతే. లీలకు తల కొట్టేసినట్టయింది. ఆయన అబద్ధమాడినందుకు కాదు, దాన్ని నిజం చేసింది తన నోరే. పదకొండేళ్లుగా బీరువా తాళం పోయినా, అత్తగారి మందు తప్పినా మర్చిపోయింది తనేనని ఒప్పుకుంటూ వచ్చింది. లీలకు మతిమరుపని చుట్టాలంతా అంటారు. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో అడగాలంటే మాత్రం ఆమె దగ్గరికే వస్తారు.

తెల్లారి గట్టమ్మ గిన్నెల మీంచి తలెత్తకుండానే అంది. "నువ్వు మర్సిపోలే గద, లీలమ్మా. మా సురేశు నెల జీతం ఇడిసిపెట్టి నిలవడ్డడు. నీకు ఒక్క మాట అననీకి నోరు రాకపాయె."

లీలకు సిగ్గుతో చెవులు మండాయి. పొద్దంతా ఆ మంట తగ్గలేదు.

సాయంత్రం సంఘంవాళ్లు వచ్చి కూర్చున్నారు. కాసేపటికి కరెంటు పోయింది. అక్వేరియం వెలగలేదు. "లైటేమైందే?" అని కేకేశాడు జనార్దన్. అప్పుడు చూశారు అందరూ, ఇన్వర్టరు నుంచి కుర్చీల వెనకగా వంటింట్లోకి పోయిన పొడుగు తీగను, పొయ్యి పైన మేకుకు వేలాడుతున్న నీలం లైటును. దాని కింద గట్టమ్మ పీట మీద కూర్చుని చాయ్ తాగుతోంది.

లీల చాయ్ గ్లాసుల పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. అందరికీ వినపడేలా జనార్దన్‌తో అంది.

"వంటింట్ల నేనే పెట్టుకున్న. నిన్న గూడ నేను మర్చిపోలే. మీరే ముట్టకుమన్నరు."