ఉన్నదున్నట్టు

చెక్ దేశంలోని బ్రనో స్టేషన్లో రైలు కదలబోతుండగా సొలాంజ్ కూతురి భుజానికి బ్యాగు సర్ది, ఇంట్లో చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది.

"రెజిస్ మామ ఇంట్లో నాన్న మాటలు కాస్త చూసి చెప్పవే."

"చూసి చెప్పడమేంటమ్మా? విని చెప్తాను," అంది అనేష్క.

సొలాంజ్ ఇంకేదో అనబోయింది గాని ఈలోగా తలుపులు మూసుకున్నాయి. గాజు అవతల ఆమె చేతులు తిప్పుతూ ఏదో చెబుతూనే ఉంది. అనేష్కకి అది ముద్దులు పంపుతున్నట్టు కనిపించింది. తనూ పంపింది.

ప్రతి రెండు మూడేళ్ళకీ ముగ్గురూ కలిసి చేసే ప్రయాణమే ఇది. స్నేహితుల ఇళ్ళన్నీ చుట్టి రావడం. ఈసారి సొలాంజ్‌కి సెలవు దొరకలేదు. ఆమె పని చేసే ప్రసూతి ఆసుపత్రిలో తోటి నర్సులే కాన్పులకి వెళ్ళారు. దాంతో ట్రామ్ డ్రైవరు బొహుమిల్, అతని పన్నెండేళ్ళ కూతురు ఇద్దరే బయలుదేరారు.

ముందు ఇన్స్‌బ్రుక్‌లో హానెస్ ఇంట్లో దిగారు. బొహుమిల్‌కి జర్మన్ వచ్చు గనుక అక్కడ అనేష్కకి ఏ పనీ లేదు. హానెస్ తల్లి ఆవిరికి ఎర్రగా కమిలిన చేతులతో పిండి ముద్దల్లో ఆప్రికాట్లు కూరి ఉడికిస్తూ ఉంటే, ఈ పిల్ల వడ్డించినవి వడ్డించినట్టు ఖాళీ చేసింది. మర్నాడు కొండమీది చెరువులో దిగిన బొహుమిల్ ఆ చల్లదనానికి ఒక్క కేక పెట్టాడు. ఆ కేక ఎదుటి కొండకి తగిలి తిరిగొస్తే, ఎవరో సమాధానం చెప్పారనుకుని ఇంకోటి పెట్టాడు. అనేష్క ఒడ్డున పడి దొర్లింది.

అక్కణ్ణించి రైలు మీద రైలు మారి ఫ్రాన్స్‌లోని జ్యూరా కొండల్లోకి వచ్చారు. ఆఖరి రైల్లో బొహుమిల్ కిటికీ అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకున్నాడు.

"రెజిస్ లాంటి మర్యాదస్తుణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు," అన్నాడు. "నా నోరు నీకు తెలుసుగా. వాడి ముందు నాకే సిగ్గేస్తుంది. పల్లెత్తు మాట అనడు."

అనేష్కకి కొంచెం ఆశ్చర్యం వేసింది. తనకి గుర్తున్న రెజిస్ మామ గొంతు వీధి చివరిదాకా వినిపించేది. అయితే అప్పట్లో తను చిన్నపిల్ల, పెద్దవాళ్ళు భోజనాల దగ్గరుంటే తను దూడల దగ్గరుండేది.

బొహుమిల్ పుట్టిన పల్లెటూరికీ రెజిస్ ఊరికీ ఎప్పుడో చుట్టరికం కలిపారు. రెండు ఊళ్ళ స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు అటోసారి ఇటోసారి పండగ చేసుకునేవి. ఇద్దరూ ఆ దళాల్లోవాళ్ళే. రెజిస్ పక్కింటి పిల్ల సొలాంజ్‌కి చెక్ భాష వచ్చు. వీళ్ళ మాట వాళ్ళకీ వాళ్ళ మాట వీళ్ళకీ చెప్పడానికి ఆమెని పిలిచారు. ఆమె చెబుతూ చెబుతూ బొహుమిల్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ తర్వాత కూడా ఇద్దరు స్నేహితుల మధ్యా కూర్చుని ఆమే చెబుతూ వచ్చింది. ఒకసారి ఆమె లేనప్పుడు బొహుమిల్ తన ఫోన్‌తో ప్రయత్నిస్తే, అది రెజిస్‌ని "గౌరవనీయమైన గొట్టం" అని పిలిచిందట. మళ్ళీ దాని జోలికి పోలేదు.

స్టేషన్ బయట రెజిస్ వ్యాను పక్కన నిలబడి ఉన్నాడు. స్కూలు బస్సు డ్రైవరు కాబట్టి జూలైలో అతనికి పని లేదు. చేతులు చాచి వచ్చి ఇద్దరి బుగ్గలకీ ముద్దులు పెట్టాడు. వెనక్కి జరిగి బొహుమిల్‌ని కింది నుంచి పైదాకా చూసి, పొట్ట దగ్గర చూపు ఆపాడు.

"ఏమే అనేష్కా, మీ నాన్న ఒక్కడే వస్తాడనుకుంటే ఇద్దరయ్యి వచ్చాడే! ఇద్దరికీ టికెట్టు తీశారా?"

అనేష్క ఆ మాటని చెక్‌లో ఉన్నదున్నట్టు చెప్పింది.

బొహుమిల్ నవ్వు సగంలో ఆగిపోయింది. "రెజిస్ అలా అన్నాడా? సరిగ్గా విన్నావా?"

"నాన్నా, నాకు ఫ్రెంచ్ వచ్చు."

"అయితే అడుగు. వాడి నెత్తిమీది జుట్టు ఏ స్టేషన్లో దిగిపోయిందో అడుగు."

అనేష్క అడిగింది. రెజిస్ చేయి దానంతటదే బట్టతల మీదికి వెళ్ళింది.

"బొహుమిల్ అన్నాడా ఆ మాట?"

"అవును మామా."

"మన బొహుమిలే?"

ముగ్గురూ వ్యానెక్కారు. దారంతా ఆవుల మెడల్లో గంటలు మాత్రం వినిపించాయి.

రెజిస్ భార్య కొలెత్ పెరట్లో బల్ల వేసి ఉడికిన బంగాళాదుంపలు, పొగబెట్టిన సాసేజీలు, కరిగించిన చీజ్ పెట్టింది. బొహుమిల్ తన ఊళ్ళో కాచిన ఆల్‌బుకారా పళ్ళ సారా సీసా తీసి రెజిస్ చేతికిచ్చాడు. రెజిస్ మూత తీసి వాసన చూశాడు.

"ఇదిగో, వచ్చేసింది. గేటు మీద పాత రంగు గీకడానికి కిందటి సీసా భలే పనికొచ్చింది."

అనేష్క, మామ చేసే హాస్యం నాన్నకి నచ్చుతుందనే అనుకుని చెప్పేసింది.

"గేటుకా!" బొహుమిల్ చెంచా కింద పెట్టాడు. "కిందటిసారి అది గుటకేసి, గొంతులో దేవతలు పాడుతున్నట్టుందన్నాడు! మీ అమ్మే చెప్పింది నాకు."

"దేవతలా?" అన్నాడు రెజిస్. "పిల్లులు కొట్టుకుంటున్నట్టుందన్నాను!"

"పిల్లులా? అయితే నేనూ చెప్తా. ఈ చీజ్ వాసన, మంటలార్పి వచ్చాక నా బూట్లలో వచ్చే వాసనా ఒకటే. చెప్పవే, భయపడతావెందుకు?"

కొలెత్ మొహం పక్కకి తిప్పుకుంది. ఆమె నవ్వుతోందని అనేష్కకి అప్పుడు తెలియలేదు.

అసలు గొడవ పంపు మాట దగ్గర మొదలైంది. సొలాంజ్‌ని బొహుమిల్ మొదటిసారి చూసిన పండగలోనే, రెండు దళాలూ కలిసి పాత చేతిపంపుతో నీళ్ళు కొట్టే పోటీ పెట్టారు. సగంలో పైపు జాయింటు ఊడి, నీళ్ళన్నీ పోయి కొత్త సూటులో ఉన్న మేయరు మీద పడ్డాయి. ఇప్పటికీ ఆ సంగతి రెండు ఊళ్ళలోనూ చెప్పుకుంటారు.

"ఏదైతేనేం," అన్నాడు రెజిస్ పెద్దమనిషిలాగా, "జాయింటు బిగించనందుకు ఆ రోజే నాకు క్షమాపణ చెప్పుకున్నాడు కాబట్టి ఊరుకున్నాను."

విని బొహుమిల్ లేచి నిలబడ్డాడు. "నేనా? చెప్పుకుంది వాడు! కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని మరీ చెప్పాడు!"

"ఆ నీళ్ళు పంపువి!" అని అరిచాడు రెజిస్.

ఇద్దరూ ఒక్కసారే అనేష్క వైపు తిరిగారు. ఇన్నేళ్ళ స్నేహం తన నోటిమీదుగా పోతోంది. ఒక్క మాట కూడా తనది కాదు, అయినా అన్నీ తనే అంది. ఫోను పట్టుకుని పశువుల కొట్టం వైపు పరుగెత్తింది.

"అమ్మా, వీళ్ళు కొట్టుకునేలా ఉన్నారు. నువ్వేం చేసేదానివి వీళ్ళని?"

సొలాంజ్ నవ్వడం మొదలుపెట్టింది. ఆసుపత్రి నడవాలో నిలబడి, నోరు మూసుకుని నవ్వుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

"వాళ్ళు చెప్పింది ఎప్పుడు చెప్పానే నేను? చెప్పాల్సింది చెప్పేదాన్ని. మీ నాన్న చీజ్ కంపంటే, అమోఘంగా ఉందంటున్నాడని చెప్పేదాన్ని. ఆ రోజు పంపు దగ్గరా అంతే. ఇద్దరి చేతా క్షమాపణ చెప్పించాను. లేకపోతే మీ నాన్న ఆ సాయంత్రమే బస్సెక్కేవాడు. నాకేమో అతను ఇంకో రెండు రోజులుంటే బాగుండుననిపించింది."

"అమ్మా!"

"నువ్వూ అలాగే చెప్పు. రేపు పొద్దున కాఫీ దగ్గర మొదలుపెట్టు."

వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఇద్దరు మగవాళ్ళూ అక్కడే ఉన్నారు. అనేష్క విన్నదంతా వాళ్ళకి చెప్పి స్పీకరు పెట్టింది. బొహుమిల్ చెక్‌లో, రెజిస్ ఫ్రెంచ్‌లో ఒకేసారి అందుకున్నారు. సొలాంజ్ చెరో భాషలో చెరొక ముక్క సమాధానం చెప్పి, "అయ్యో, అక్కడ బిడ్డ తల కనిపిస్తోందట, ఉంటాను," అని పెట్టేసింది.

సాయంత్రందాకా ఒకడు కట్టెలు కొట్టాడు, ఇంకొకడు ఆ కట్టెల్నే పేర్చాడు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. అనేష్క కొలెత్ పక్కన చేరి గిన్నెలు తుడిచింది.

"అత్తా, అంతా నావల్లే."

"నీవల్ల కాదు. ఈ ఇంట్లో ఒక్కసారైనా నిజం వినిపించింది. నాకు ఫరవాలేదనిపిస్తోంది," అంది కొలెత్. "రాత్రికి డాన్సుకి గౌను తెచ్చుకున్నావా?"

అది జాతీయ దినోత్సవం సాయంత్రం. ఊళ్ళో అగ్నిమాపక దళం వాళ్ళే డాన్సు ఏర్పాటు చేస్తారు. ఇంకా వెలుగుండగానే కూడలిలో అకార్డియన్ మొదలైంది. రంగు కాగితాలు కట్టిన పాత చేతిపంపుని మధ్యలో నిలబెట్టారు. రెజిస్ ఆ చివరా బొహుమిల్ ఈ చివరా గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి రెజిస్ పంపు దగ్గరికి వెళ్ళి, ఇత్తడి జాయింటు మీద వేలితో కొట్టి చుట్టూ ఉన్నవాళ్ళకి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళు నవ్వారు.

బొహుమిల్ మొహం ఎర్రబడింది. "ఏమంటున్నాడు?"

అనేష్క తల్లి చెప్పిన మాట తలుచుకుంది. అమోఘంగా ఉందంటున్నాడని చెప్పొచ్చు. నాన్న నమ్ముతాడు కూడా. కాని ఆ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"చెప్తాను. కోపం తెచ్చుకోకు."

"ఏమీ కలపకు. ఏమీ తీసెయ్యకు."

"అయితే రా." తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, పంపు బండి మీదికెక్కి నిలబడింది. "మామా, ఏదనాలన్నా ఎదురుగా అను. నేను చెప్తాను."

రెజిస్ మీసం దువ్వుకున్నాడు. "సరే చెప్పు. నీకు పట్టాలు లేకపోతే దారి తెలియదు. ఆ రోజు పైపు పట్టుకోమంటే, అది ఎటు తిరిగితే అటు పోయావు."

అనేష్క గొంతెత్తి చెక్‌లో చెప్పింది. బొహుమిల్ గ్లాసు పక్కన పెట్టాడు.

"నువ్వేమో వెనకాల పిల్లలు అరిస్తేగాని బ్రేకు వెయ్యవు. ఆ రోజు అరిచే పిల్లలు లేకపోయారు, జాయింటు ఊడింది."

ఆ మాట ఫ్రెంచ్‌లో విని కూడలంతా గొల్లుమంది. ఆ ఊరి పిల్లలంతా రెజిస్ బస్సులో అరిచినవాళ్ళే. రెజిస్ బిగబట్టుకుని చూశాడు, కుదరలేదు. భుజాలు ఊగాయి, పొట్ట ఊగింది, చివరికి నోరు తెరిచి నవ్వాడు.

బొహుమిల్ తెల్లబోయి చూశాడు. "ఎందుకు నవ్వాడు? నా మాటకేనా?"

"నీ మాటకే నాన్నా."

"ఇన్నేళ్ళలో వాడు నా మాటకి ఎప్పుడూ ఇలా నవ్వలేదే," అన్నాడు బొహుమిల్ మెల్లిగా. ఆ మాట కూడా అనేష్క అవతలికి చెప్పేసింది.

ఇక ఆగలేదు. మాటకి మాట పడుతోంది. జనం చుట్టూ మూగారు. అకార్డియన్ అతను ఒక్కో తిట్టుకీ ఒక్కో రాగం తీస్తున్నాడు. అనేష్కకి కూడా ఊపొచ్చింది. తండ్రి మాట చెప్పేటప్పుడు తండ్రిలా నడుం మీద చెయ్యి వేసి, మామ మాటకి మామలా లేని మీసం దువ్వి చెప్పింది. చివరికి ఎవరో "మాటలెందుకు, కొట్టి చూపించండి!" అన్నారు. తొట్టిలో నీళ్ళు పోశారు. రెజిస్ మరో ముగ్గురితో పంపు పిడి దగ్గర నిలబడ్డాడు. బొహుమిల్ పైపు చివర పట్టుకున్నాడు.

"కొట్టమను!"

"కొట్టండి!" అని అరిచింది అనేష్క.

నాలుగు ఊపులకి పైపు ఉబ్బింది. అయిదో ఊపుకి జాయింటు ఠప్పున ఊడింది. నీళ్ళు నిలువునా లేచి అకార్డియన్ అతన్నీ, బండి మీది అనేష్కనీ, అటు నుంచి ఒకడూ ఇటు నుంచి ఒకడూ పరుగెత్తుకొచ్చిన ఇద్దరు స్నేహితుల్నీ తడిపేశాయి. ఇద్దరూ జాయింటు మీద చెరో చెయ్యీ వేసి, ఒకే మాట చెరో భాషలో అన్నారు.

"బిగించింది నువ్వు కాదా?"

అది చెప్పమని అనేష్కని ఎవరూ అడగలేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని అక్కడే తడి నేల మీద కూలబడి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు.

తర్వాత కొలెత్ తెచ్చిన తువ్వాళ్ళు కప్పుకుని అరుగు మీద కూర్చున్నప్పుడు రెజిస్ అన్నాడు. "వీడికి చెప్పవే. వీడొస్తున్నాడంటే నాకు పాదిరీ ఇంటికొస్తున్నట్టుండేది. కాళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఎంత మంచివాడో అంత విసుగు. వీడు వెళ్ళాక రెండు రోజులు పడుకునేవాణ్ణి."

"నేనూ అంతే," అన్నాడు బొహుమిల్. "అయినా ఎందుకొచ్చేవాణ్ణో తెలీదు."

"ఎందుకంటే నేను మంచివాణ్ణి కాబట్టి."

"చీజ్ మాత్రం మంచిది కాదు."

అనేష్క జుట్టు పిండుకుంటూ అంతా చెప్పింది. పంపు చుట్టూ జనం మళ్ళీ జతలు కట్టి తిరుగుతున్నారు. ఇప్పటి మేయరమ్మ వచ్చి బొహుమిల్‌ని డాన్సుకి లాక్కెళ్ళింది.

వాళ్ళు వెళ్ళాల్సిన రోజున రెజిస్ కూడా ఒక సంచీ పట్టుకుని వ్యానెక్కాడు. పోర్చుగల్‌లోని పోర్తోలో ఉన్న బొహుమిల్ స్నేహితురాలు తెరెజా ఇంటికి తనూ వస్తానన్నాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ఆ మాట విని ఫోన్లో తెరెజా "సార్డీన్ చేపలు ఇంకొన్ని కొంటాను," అంది. కొలెత్ అయితే "తీసుకెళ్ళండి బాబూ, పుణ్యముంటుంది," అని స్టేషన్లో చెయ్యూపింది.

రైలు దక్షిణం వైపు తిరిగాక కిటికీ సీటు ఎవరిదన్న గొడవ తీర్చి, మాట్లాడీ మాట్లాడీ గొంతు ఎండి, అనేష్క ఇద్దరి మధ్యా నిద్రపోయింది. ఎంతసేపటికో పెద్ద నవ్వు వినిపించి ఉలిక్కిపడి లేచింది. అటు తండ్రి పొట్ట పట్టుకుని ఊగిపోతున్నాడు. ఇటు మామ సీటులోంచి జారిపోతున్నాడు.

"ఏమైంది? ఏమన్నావు నాన్నా?"

బొహుమిల్ చెప్పబోయి మళ్ళీ నవ్వులో పడ్డాడు.

"మామా, నువ్వేమన్నావు?"

రెజిస్ కళ్ళు తుడుచుకుంటూ, తనకీ ఏమీ అర్థం కాలేదన్నట్టు రెండు చేతులూ ఎత్తాడు. కిటికీ అవతల పొద్దుతిరుగుడు చేలు మొదలయ్యాయి. అనేష్క కూడా, ఎందుకో తెలియకుండానే, వాళ్ళతో కలిసి నవ్వేసింది.